తలుపు ఇవతల కూర్చుని

మొదటి ప్రశ్న

మానసిక వైద్య విభాగంలో కొత్తగా చేరిన నర్సు పిల్లలు నన్ను మొట్టమొదట అడిగేది ఒకటే. "మేడమ్, వాళ్ళు కొడతారా?"

ఈ విభాగంలో రెండుసార్లు దెబ్బ తిన్నాను. ఒకటి, ఒక రోగి వాళ్ళ అన్న కొట్టిన చెంపదెబ్బ. తమ్ముణ్ణి గొలుసుతో కట్టి తీసుకొస్తే, ముందు గొలుసు విప్పమన్నందుకు కొట్టాడు. రెండోది రోగిదే. కానీ అతను నన్ను కొట్టాలనుకోలేదు. తనను పట్టుకున్న నలుగుర్ని విదిలించుకోబోతే మోచెయ్యి నా దవడకు తగిలింది. ఇన్నేళ్ళ లెక్కలో ఇదేమీ ఎక్కువ కాదు. కాన్పుల వార్డులో ఇంతకన్నా ఎక్కువే తిన్నాను.

ఈ పనిలో భయం లేదని చెప్పను. ఉంది. అది దెబ్బల భయం కాదు. ఎదుటి మనిషి ఏదో చెప్పబోతుంటే నేను వినకుండా ఇంటికి పంపించేశానేమోనన్న భయం. రిటైరై ఇంట్లో కూర్చున్నా అది పూర్తిగా పోలేదు. అది ఎక్కడ మొదలైందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నా పేరు ఎస్తేరు. మా నాయిన హాలియా దగ్గర కాలువ కింద పొలాల్లో కూలి పని చేసి నన్ను నర్సింగు చదివించాడు. కాన్పుల వార్డులో, క్యాజువాలిటీలో చాలా ఏళ్ళు పనిచేశాక, తెలంగాణ వచ్చిన కొత్తలో నన్ను జిల్లా మానసిక ఆరోగ్య బృందంలో వేశారు. బృందమంటే ఒక డాక్టరు, ఒక కౌన్సెలరు, నేను, ఒక జీపు. వారంలో కొన్ని రోజులు జిల్లా కేంద్రంలో ఓపీ, కొన్ని రోజులు మోత్కూర్, హాలియా లాంటి చోట్ల క్యాంపు. ఆ పోస్టింగు రద్దు చేయించుకోవడానికి నేను తిరగని గది లేదు. "పిచ్చోళ్ళ వార్డుల ఏంచేస్తవే," అని మా ఆడబిడ్డ నా ముందే నవ్వింది. అప్పుడు నాకూ ఆ మాట తప్పనిపించలేదు. ఇది ఒప్పుకోకుండా మిగతాది రాస్తే అబద్ధమవుతుంది.

సత్తయ్య

చేరిన మొదటి సంవత్సరమే పోచంపల్లి నుంచి సత్తయ్య అనే నేతకారుడు భార్యతో వచ్చాడు. యాభై దాటిన మనిషి. గోళ్ళ సందుల్లో రంగు ఇంకా పోలేదు. తల బరువంటాడు, నిద్ర లేదంటాడు, అన్నం సయించడం లేదంటాడు. డాక్టరు చూడకముందు వివరాలు రాసుకునేది నేనే. అడిగినవాటికి మెల్లగా జవాబు చెప్పాడు. మధ్యలో తనంతట తానే ఒక మాటన్నాడు. "మగ్గం బామ్మర్దికి ఇచ్చేసిన సిస్టరమ్మ. ఇగ నాకు దాంతోని పనేం లేదు."

విశ్రాంతి తీసుకుంటున్నాడనుకున్నాను. మంచిదే అన్నాను కూడా.

డాక్టరు చూసి మందులు రాశాక ఆయన భార్య భారతమ్మ గోళీల కోసం లైనులో నిలబడింది. సత్తయ్య మళ్ళీ నా బల్ల దగ్గరికి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. ఒక మాట చెప్పాలన్నాడు. చెప్పమన్నాను. ఆయన వెనక ఉన్న లైను వైపు చూశాడు. నేనూ లైను వైపే చూశాను. ఇంకా చాలామంది ఉన్నారు. "ఏం లేదు తియ్," అన్నాడు. నేను అందరికీ చెప్పే మాటలే ఆయనకూ చెప్పాను. ధైర్యంగా ఉండాలని, పిల్లలున్నారని, ఇంటి పెద్ద ఇట్లా అయిపోతే ఎట్లా అని. ఆయన రెండు చేతులూ జోడించి వెళ్ళిపోయాడు.

పది రోజులకు భారతమ్మ ఒక్కతే వచ్చింది. కొంగున కట్టిన గోళీల పట్టీలు విప్పి నా బల్ల మీద పెట్టింది. నాలుగే తగ్గాయి. ఇంకెవరికైనా పనికొస్తాయని తెచ్చిందట. మా ఇంటాయన లేడమ్మా అని చెప్పింది. ఎట్లా పోయాడో నేను అడగలేదు. ఆమె చెప్పిన తీరులోనే తెలిసిపోయింది.

గోళీలు పెట్టి పోతుందనుకున్నాను. పోలేదు. నిలబడే ఉంది.

"నీతోని ఏదో చెప్పాలనే ఆ దినం బస్సెక్కిండు. తొవ్వ పొడుగునా గదే అన్నడు. అడిగినవా అమ్మా?"

"లేదు," అన్నాను.

ఆమె తిట్టలేదు. తల ఊపి, చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆ గోళీలు నేను తిరిగి స్టాకులో కలపలేకపోయాను. చాలా రోజులు బల్ల సొరుగులోనే ఉండిపోయాయి. ఆ నెల నాకు సరిగా నిద్ర లేదు. అన్నం సయించలేదు. ఆయన చెప్పిన బాధలన్నీ నాకే వచ్చినట్టయింది.

మోత్కూర్ క్యాంపులో ఒక మధ్యాహ్నం

మా డాక్టరు మురళి గారి గురించి ఉన్నదున్నట్టు చెప్తాను. ముక్కు మీద కోపం. ఒకరి పని ఇంకొకరికి అప్పగించడం ఆయనకు చేతకాదు, అన్నీ తనే చూడాలి. క్యాంపులో కూర్చున్నాడంటే ఫోను ఆపేస్తాడు. భూమి తలకిందులైనా దొరకడు. అయితే నా తప్పును దాచిపెట్టనివ్వకుండా, దాని కింద నన్ను నలిగిపోనివ్వకుండా చేసింది ఆయనే.

సత్తయ్య సంగతి ఆయనకు నేనే చెప్పాను. మోత్కూర్ క్యాంపులో రోగులంతా వెళ్ళిపోయాక, ఖాళీ గదిలో. విన్నాడు. తను కూడా అడగలేదని ముందు ఒప్పుకున్నాడు. ఇద్దరం తలొక నాలుగు నిమిషాలు చూసి పంపించామన్నాడు. తరువాత, ఆ ప్రశ్న నాకు ఎందుకు నోట రాదని అడిగాడు. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందేమో అన్నాను. చదువుకున్నదాన్నే, కానీ నిజంగా అట్లాగే నమ్మాను.

"మనం అడగంగనే పుట్టే ఆలోచన కాదది, ఎస్తేరూ. ఉంటే అప్పటికే ఉంటది. అడగకపోతే ఆ మనిషి దాన్ని పట్టుకొని ఒక్కడే ఇంటికి పోతడు."

అక్కడే నాతో ప్రాక్టీసు చేయించాడు. తనే రోగి, నేను అడగాలి. నేను మొదలుపెట్టాను, జీవితం మీద విరక్తి ఏమైనా అంటూ. పుస్తకం మాటలు వద్దన్నాడు. ఆత్మహత్య అనే మాట పేపర్లో చదివే మాట, ఎవరూ తమ గురించి ఆ మాటతో అనుకోరు, మన దగ్గర జనం ఎట్లా అనుకుంటారో అట్లా అడుగు అన్నాడు. రెండోసారి చూపు బల్ల మీదికి దించి అడిగాను. అదీ కాదన్నాడు. మూడోసారి ముఖంలోకి చూసి అడిగాను.

"సార్, మీకు చచ్చిపోవాలె అనిపిస్తదా?"

ఆయన మామూలు గొంతుతోనే చెప్పాడు. "అనిపించింది. పీజీ చదివేటప్పుడు. దగ్గర దగ్గర ఒక సంవత్సరం."

అయ్యో సార్, మీరు అంత చదువుకున్నవాళ్ళు, అని ఏదో అనబోయాను. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"చూసినవా. అవునన్న వెంటనే నా నోరు మూయబోయినవ్."

తర్వాత ఏం చేయాలో అప్పుడు చెప్పాడు. తొందరపడి ధైర్యం చెప్పొద్దు. ఎప్పటినుంచి అనిపిస్తుందో అడగాలి. ఎట్లా అని ఏమైనా అనుకున్నారా అడగాలి. ఆ రోజు ఆ మనిషిని ఒంటరిగా పంపకూడదు. ఇంట్లో నమ్మకమైనవాళ్ళు ఎవరో తెలుసుకోవాలి. ఇది పెద్ద విద్యేం కాదు. కానీ అడిగి ఊరుకుని, జవాబు వచ్చేదాకా ఆగడం నాకు రెండేళ్ళు పట్టింది. అడిగినందుకు ఒకే ఒక్కాయన నా మీద కోపం చేశాడు. మిగతావాళ్ళలో చాలామంది ఏడ్చారు. ఒక ముసలామె, "ఇన్నేండ్లకు అడిగినవా బిడ్డా," అని నా చెయ్యి పట్టుకుంది.

ఆ తలుపు

కొన్నేళ్ళ తరువాతి సంగతి. యాసంగి కోతల కాలం. ఆ రోజు డాక్టరు గారు జీపులో మోత్కూర్ క్యాంపుకు పోయారు. నేను హాలియాలో పాత రోగులకు మందులిస్తున్నాను. మధ్యాహ్నం అన్నం డబ్బా తెరిచేసరికి ఆశా కార్యకర్త సైదమ్మ ఫోను చేసింది. ఆమె ఊరు అక్కడికి నాలుగైదు కిలోమీటర్లు. బాలింత ఒకామె పొద్దుటినుంచి గదిలోకి పోయి గడియ పెట్టుకుందని, పసిబిడ్డ కూడా లోపలే ఉన్నాడని చెప్పింది. "అక్కా, జర జల్ది రా. ఈళ్ళు తలుపు పలగ్గొడ్తరట."

ఆటో మాట్లాడుకుని బయల్దేరాను. దారిలో డాక్టరు గారికి ఫోను చేశాను. మోగలేదు. మళ్ళీ చేశాను. ఆపేసి ఉంది. ఆటోలోంచే అంబులెన్సుకు చెప్పాను. ఒక కాన్పు కేసులో ఉంది, ఆలస్యమవుతుందన్నారు.

అది రెండు గదుల స్లాబు ఇల్లు. లోపలి గదికి ఇనుప తలుపు, వెనకవైపు ఒక చిన్న కిటికీ. వాకిట్లో ఇరవై మందికి తక్కువ లేరు. సైదమ్మ నన్ను పక్కకు తీసుకుపోయి చెప్పింది. కోడలి పేరు మౌనిక. కాన్పై పద్దెనిమిది రోజులు. వారం నుంచి నిద్ర లేదు. బిడ్డ తనవాడు కాదంటుంది, దవాఖానలో మార్చేశారంటుంది, ఒకసారి తనవాడే, ఎవరో ఎత్తుకుపోతారంటుంది. గాలి సోకిందని అత్త గోవిందమ్మ పక్క ఊరినుంచి పూజ చేసే మనిషిని పిలిపించింది. ముందురోజు వేపమండలతో కొట్టించారు. ఈ రోజు అతను మళ్ళీ వచ్చేసరికి మౌనిక గదిలోకి పరుగెత్తి గడియ పెట్టుకుంది.

భర్త నరేశ్ కోత మిషను డ్రైవరు. పొలంలోంచి అట్లాగే వచ్చినట్టున్నాడు, ఒళ్ళంతా దుమ్ము. చేతిలో గడ్డపార. అప్పటిదాకా లోపల బిడ్డ ఏడుపు వినిపిస్తూ ఉంది. నేను అరుగెక్కేసరికి ఆ ఏడుపు ఆగిపోయింది.

నరేశ్ గడ్డపార ఎత్తాడు.

తలుపు పగలడానికి ఎంతసేపు పడుతుంది? మూడు దెబ్బలు, నాలుగు దెబ్బలు. ఆ దెబ్బల చప్పుడుకు లోపలున్నామె ఏం చేస్తుంది? నాకు తెలియదు. తలుపు పగలగొట్టకపోతే ఏమవుతుందో కూడా తెలియదు. నేను తలుపుకూ అతనికీ మధ్య నిలబడ్డాను.

"లోపట నా కొడుకున్నడు," అన్నాడు నరేశ్. "ఏమన్నైతే నువ్వు జిమ్మెదారా?"

"నేనే జిమ్మెదారు."

ఏ అధికారంతో ఆ బాధ్యత నెత్తిన వేసుకున్నానో ఇప్పటికీ తెలియదు. సరైందో కాదో కూడా చెప్పలేను. ఫలితం మంచిదయింది కాబట్టి ఈ రోజు ఇది రాస్తున్నాను. ఇంకో రకంగా అయి ఉంటే జీవితమంతా ఇంకో మనిషిగా బతికేదాన్ని. కొత్తవాళ్ళు నన్ను చూసి ఇట్లాగే చేయాలని అనుకోవద్దు. చప్పుడు చేస్తే ప్రమాదం పెరుగుతుందని అప్పుడు నాకు గట్టిగా అనిపించింది. అంతే.

పూజ చేసే మనిషి నిమ్మకాయలు పట్టుకుని ఒక మూల నిలబడి ఉన్నాడు. అతని మీద నాకు పీకలదాకా కోపముంది. కానీ ఆ ఊళ్ళో అతని మాట నడుస్తుంది, నా మాట నడవదు. దగ్గరికి పోయి, అన్నా, మీరు చెప్తే వింటారు, అందర్నీ ఆ వేపచెట్టు కిందికి తీసుకుపోయి కూర్చోబెట్టండి, ఒక్కరు కూడా గొంతు లేపకుండా చూడండి అన్నాను. తీసుకుపోయాడు. ఆ పని నాకన్నా బాగా చేశాడు. అరుగు మీద నేను, సైదమ్మ, గోవిందమ్మ మిగిలాం. గడ్డపార కింద పెట్టి నరేశ్ మెట్ల మీద కూర్చున్నాడు.

నేను తలుపు ఇవతల నేల మీద కూర్చున్నాను.

"మౌనికా, నేను ఎస్తేరును. దవాఖాన సిస్టర్ను. తలుపు తియ్యమని అడగ. ఊకె ఈడ కూసుంట."

ఫ్యాను తిరుగుతున్న చప్పుడు మాత్రం వస్తోంది. బిడ్డ చప్పుడు లేదు. గోవిందమ్మ నా వెనక గోడకు ఆనుకుని నిలబడింది. ఆమె ఊపిరి నాకు వినిపిస్తోంది. ఎంతసేపయిందో చెప్పలేను. చివరికి లోపల్నుంచి గొంతు వచ్చింది, తలుపుకు దగ్గరగానే.

"నువ్వు గూడ ఆళ్ళతోనే వచ్చినవా?"

"ఎవలతోని?"

"బిడ్డను మార్చెటోళ్ళతోని."

అట్లాంటివాళ్ళెవరూ లేరని నేను వాదించలేదు. అవునని కూడా అనలేదు. భయమవుతుందా అని మాత్రం అడిగాను. అవుతుందంది. నిద్రపోతే ఎత్తుకుపోతారని నిద్రపోవడం లేదంది. ఎన్ని రోజులైందంటే యాదికి లేదంది. మాట తడబడుతోంది, మధ్యలో ఇంకెవరికో జవాబు చెప్తున్నట్టు ఆగిపోతోంది. ఇంక ఆగితే లాభం లేదనిపించింది.

"మౌనికా, బిడ్డను తీస్కొని నువ్వు గూడ పోవాలె, ఇద్దరం చచ్చిపోవాలె అనిపిస్తుందా?"

గోవిందమ్మ చెయ్యి వచ్చి నా భుజం మీద పడింది. గోళ్ళు దిగేటట్టు పట్టుకుంది. అంత మాట ఎట్లా అడుగుతావన్నట్టు. నేను కదల్లేదు. సత్తయ్య వెనకున్న లైను నాకు గుర్తొచ్చింది. ఈ రోజు నా ముందు ఏ లైనూ లేదు అనుకున్నాను.

"ఆ," అంది లోపలి గొంతు.

నేను మాట్లాడలేదు. ఆగాను.

"నిన్నటిసంది చెవులల్ల గదే చెప్తున్నరు. నాకొద్దు. సిస్టరమ్మా, నాకొద్దు."

"నీకొద్దు. నేను ఇన్న మౌనికా. నీకు గది వద్దు. బిడ్డ ఏం జేస్తుండు?"

మెట్ల మీది నరేశ్ లేచి నిలబడ్డాడు.

"పాలు తాగుతుండు," అంది మౌనిక.

గోవిందమ్మ గోడ వెంట కిందికి జారి కూర్చుండిపోయింది.

అప్పుడిక తలుపు సంగతి మాట్లాడగలిగాను. ఎవరిని లోపలికి రానిస్తావని అడిగాను. మగవాళ్ళు వద్దంది. అత్తమ్మ అంటే, "అత్తమ్మ నిన్న నన్ను కొట్టిపిచ్చింది," అంది. గోవిందమ్మ తల ఎత్తి తలుపు వైపు చూసింది. నేను అడగకుండానే ఆమే పలికింది. "తప్పైంది బిడ్డా. మా అక్క గిట్లనే బాలింతల పోయింది. నాకు భయమై గట్ల జేసిన."

కాసేపటికి, సైదమ్మ అయితే లోపలికి రావచ్చంది మౌనిక. కాన్పప్పుడు పక్కనున్నది సైదమ్మే. సైదమ్మ తలుపు దగ్గరికి వచ్చి పేరు పెట్టి పిలిచింది. మేం ఎవరం బిడ్డను నీ చేతిలోంచి తీసుకోం అని నేను చెప్పాను. మాట ఇచ్చాను. గడియ సగం లేచిన చప్పుడు వచ్చి ఆగింది. మళ్ళీ లేచింది.

సైదమ్మ ఒక్కతే లోపలికి పోయింది. తరువాత నేను పోయాను. మౌనిక మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది. కళ్ళు లోపలికి పోయాయి. బిడ్డ ఒళ్ళో నిద్రపోతున్నాడు.

అంబులెన్సు వచ్చాక కూడా ఇచ్చిన మాట తప్పలేదు. బిడ్డ ఆమె ఒళ్ళోనే ఉన్నాడు, సైదమ్మ చెయ్యి ఆ బిడ్డ కింద ఉంది. నేను ఎదురుగా కూర్చుని జిల్లా కేంద్రం దాకా ఆ చేతుల మీంచి చూపు తీయలేదు. సగం దారిలో డాక్టరు గారి ఫోను దొరికింది. ఆ రోజు నేను ఆయనతో మాట్లాడిన తీరుకు మెమో ఇచ్చినా ఇవ్వవచ్చు. ఇవ్వలేదు. ఆ తరువాత క్యాంపులో ఫోను ఆపడం మానేశాడు.

గోళీలు ఎవరివి

కాన్పయిన కొత్తలో కొందరు తల్లులకు ఇట్లా వస్తుంది. వచ్చినప్పుడు చాలా వేగంగా ముదురుతుంది, సరిగ్గా చూస్తే బాగానే నయమవుతుంది. మౌనికను, బిడ్డను ఒకే గదిలో ఉంచాలని డాక్టరు గారు పట్టుబట్టారు. పక్కన ఎప్పుడూ ఒకరు మెలకువగా ఉండాలి. గోవిందమ్మ ఇంటికి పోకుండా అక్కడే ఉండిపోయింది. మొదటి రోజుల్లో మౌనిక ఆమెతో ఒక్క మాట మాట్లాడలేదు. గోవిందమ్మ కూడా మాట కలపాలని చూడలేదు. బిడ్డ గుడ్డలు ఉతికేది, ఆరేసేది, కూర్చునేది. మందు పట్టాక ఒక రోజు మౌనిక పొద్దున పడుకుని సాయంత్రం లేచింది. లేచి, "అత్తమ్మా, ఆకలైతుంది," అంది. గోవిందమ్మ బయటికి పోయి వరండాలో నిలబడి ఏడ్చి, అన్నం పట్టుకుని వచ్చింది.

నా రెండో పెద్ద తప్పు ఇక్కడే. ఇంటికి పంపే రోజు ఏ గోళీ ఎప్పుడు వేయాలో, ఎన్ని నెలలు వేయాలో అంతా నరేశ్‌కు చెప్పాను. మౌనిక పక్కనే నిలబడి ఉంది. ఆమెకు చెప్పలేదు. మూడు నెలలకు ఎవరో పాలు పాడవుతాయన్నారని నరేశ్ గోళీలు తేవడం ఆపేశాడు. నిద్ర మళ్ళీ చెడింది. ఈసారి ముదరకముందే సైదమ్మ పసిగట్టి తీసుకొచ్చింది. నేను నరేశ్ మీద అరిచాను. మౌనిక నన్ను ఆపింది.

"గోళీలు మింగేది నేను. చెప్పేది ఆయనకా?"

ఓపీలో అందరి ముందూ అంది. ముఖం మాడిపోయింది నాకు. కానీ ఆ తరువాత నేను ఏ రోగికీ మందు సంగతి వెంట వచ్చినవాళ్ళ ముఖం చూస్తూ చెప్పలేదు.

ఇప్పటి సంగతులు కొన్ని

ఇప్పుడు పరిస్థితి చాలా మారింది. మేం చేరినప్పుడు ప్రాణం తీసుకోబోయి బతికినవాళ్ళను క్యాజువాలిటీకి తెస్తే, ఇంటివాళ్ళు పోలీసు కేసు భయంతో అబద్ధాలు చెప్పేవాళ్ళు. కొత్త చట్టం వచ్చాక ఆ భయం కొంత తగ్గింది. ఫోనులో ఉచితంగా మాట్లాడే సహాయ కేంద్రాలు వచ్చాయి. కాలేజీ పిల్లలు డిప్రెషన్ అనే మాట సిగ్గు లేకుండా అంటున్నారు. కొందరు అవసరం లేని చోట కూడా అంటున్నారు, కానీ నాకేం అభ్యంతరం లేదు, దాచుకునే కాలం చూసినదాన్ని. నర్సు పిల్లలు ట్యాబులో ప్రశ్నలు చదివి జవాబులు నొక్కుతున్నారు. మంచిదే. నాకు ఆ రోజుల్లో ఆ ప్రశ్నల పట్టీ ఉంటే సత్తయ్యను అడిగి ఉండేదాన్నేమో. అయితే ట్యాబులోకి చూస్తూ అడిగితే జవాబు కూడా ట్యాబుకే చెప్తారు. ఇది మాత్రం నేను గట్టిగా చెప్తాను.

మీ సంగతి కూడా చూసుకోండి. ఒక రోగి పోయిన తరువాత మీకు నిద్ర పట్టకపోతే పక్కనున్న డాక్టరుకో, తోటి నర్సుకో చెప్పండి. నేను ఆ నెలంతా ఎవరికీ చెప్పకుండా తిరిగాను. అదేం గొప్ప కాదు.

మౌనిక రాయించుకున్న కాగితం

ఆ చట్టంలోనే ఇంకొకటి ఉంది. రేపు తన బుద్ధి తన వశంలో లేకపోతే తనకు ఏ వైద్యం కావాలో, ఏది వద్దో, తన తరఫున ఎవరు మాట్లాడాలో మనిషి ముందే రాసి పెట్టుకోవచ్చు. పద్ధతి ప్రకారం అది ఎట్లా నడవాలో మొదట్లో మాకే సరిగా తెలియదు. మౌనిక రెండోసారి నెల తప్పినప్పుడు, మళ్ళీ వచ్చే అవకాశం ఉందని డాక్టరు గారు ఆమెకే సూటిగా చెప్పారు. ఆమె రెండు రోజులు ఆలోచించి వచ్చింది. ఆమె చెప్తుంటే నేను రాశాను. నరేశ్, సైదమ్మ సాక్షి సంతకాలు పెట్టారు.

రెండు దినాలు నిద్ర పట్టకపోతే ఎవర్నీ అడగకుండా దవాఖానకు తీసుకపోవాలె. నన్ను కట్టెయ్యొద్దు, కొట్టొద్దు. బిడ్డను నాకు కనబడేటట్టు ఉంచాలె. నేను బిడ్డ నాది కాదన్నా నాతోని కొట్లాడొద్దు. గోళీలు నేనే వేసుకుంట, వేసుకోనంటే అత్తమ్మ చెప్పాలె.

చివరి మాట చెప్పినప్పుడు నేను కలం ఆపి ఆమె వైపు చూశాను. "అత్తమ్మనే రాయుండ్రి," అంది.

లోపలి గది తలుపు గడియ నరేశ్ ఊడబీకాడు. కాగితం అల్మారా తలుపుకు లోపలివైపు అంటించారు.

రెండో కాన్పు ఆడపిల్ల. అప్పటికి నా సర్వీసు కొన్ని వారాలే మిగిలింది. రోజూ పొద్దున సైదమ్మకు ఫోను చేసేదాన్ని. బాగుంది, బాగుంది అని ఆరు రోజులు చెప్పింది, ఏడో రోజు మాత్రం రాత్రి నిద్ర పట్టలేదట అంది. ఎనిమిదో రోజు ఫోను ఎత్తలేదు. మళ్ళీ చేశాను, ఎత్తలేదు. చేతిలో రిజిస్టరు ఉంది గానీ ఒక్క పేరూ రాయలేకపోయాను. ఎన్నేళ్ళ అనుభవమున్నా ఆ అరగంట నాకు ఏమీ పనికిరాలేదు.

ఆ తరువాత ఏమైందో ముందే చెప్తాను. ఈసారి మౌనిక దవాఖానలో తొమ్మిది రోజులే ఉంది. బిడ్డ పక్కనే ఉంది. గొంతులు బలపడకముందే మందు పట్టింది. ఇప్పుడు ఇద్దరు పిల్లలూ బాగున్నారు, ఆమె ఊళ్ళోనే బట్టలు కుడుతోంది.

కానీ నేను ఎక్కువగా తలచుకునేది ఆ ఎనిమిదో రోజు పొద్దున. ఓపీ గేటు దగ్గర ఆటో ఆగింది. మొదట మౌనిక దిగింది, చేతిలో కాగితం. వెనక బిడ్డను ఎత్తుకుని గోవిందమ్మ, సంచులతో సైదమ్మ. మౌనిక తిన్నగా నా దగ్గరికే వచ్చింది. "రెండు దినాలైంది సిస్టరమ్మ నిద్ర లేక. పొద్దుగాల వంటింట్ల ఎవలో పిలిచినట్టైంది. ఆడ ఎవలు లేరని నాకు ఎరుకే. గందుకే వచ్చిన."

బల్ల దగ్గర ఆ నెలే చేరిన కొత్త నర్సు కూర్చుని ఉంది. ఆ అమ్మాయి మౌనిక వైపు చూడకుండా, పెద్దావిడ కదా అని గోవిందమ్మను అడిగింది, పేషెంటును తీసుకొచ్చింది మీరేనా అని.

గోవిందమ్మ బిడ్డను ఇంకో భుజానికి మార్చుకుని, కోడలి వైపు చెయ్యి చూపింది.

"మేం కాదమ్మా. గామెనే మమ్మల్ని తీస్కొచ్చింది."